దామోదరం సంజీవయ్య – పెదపాడు నుంచి పార్లమెంటు దాకా

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవితం రాసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి మన సీనియర్ అన్నలు ఇదివరకే రాశారు. ఈసారి ఆ పని పదో తరగతి వాళ్ళమైన మాకు అప్పగించారు. ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తుండగా ఒక చిన్న సంఘటన జరిగింది.

ఒక ఆదివారం మేము నలుగురం నోటుపుస్తకాలు కొందామని జహీరాబాద్ బజారుకు పోయాం. దుకాణం దగ్గర ఉన్న ఒక పెద్దమనిషి మమ్మల్ని ఎక్కడి పిల్లలని అడిగాడు. హాస్టల్ పిల్లలమని చెప్పాం. సర్కారు దానంతో మీ బతుకు హాయిగా గడిచిపోతోందని ఆయన నవ్వుతూ అన్నాడు. కోపంతో అన్న మాట కాదు. అయినా దానం అన్న ఆ ఒక్క ముక్క మమ్మల్ని వదల్లేదు. ఆ రాత్రి మాలో ఒకడు రెండోసారి అన్నం పెట్టించుకోకుండానే పళ్ళెం కడుక్కున్నాడు.

మర్నాడు మా సోషల్ సారును అడిగాం, మేము తినేది దానమేనా అని. సారు అవుననలేదు, కాదనలేదు. భారత రాజ్యాంగంలో 15వ అధికరణం, 46వ అధికరణం చదవమన్నారు. ఆ తర్వాత దామోదరం సంజీవయ్య గారి జీవితం తెలుసుకోమన్నారు. ఆ రెండూ కలిపి చదివితే జవాబు మీకే దొరుకుతుందని చెప్పారు. మేము చదివాం. మాకు దొరికిన జవాబును మీ అందరితో పంచుకోవడానికే ఈ వ్యాసం.

పుట్టుక – చదువు

దామోదరం సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పట్నానికి దగ్గర్లోని పెదపాడు గ్రామంలో ఒక నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. సొంత భూమి లేని కుటుంబం. కూలి చేస్తేనే పొయ్యి రాజేసే రోజులు. సంజీవయ్య గారు పసిగుడ్డుగా ఉండగానే తండ్రి చనిపోయారు. తండ్రి ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియకుండా పెరిగిన బిడ్డ ఆయన. కొంతకాలం మేనమామల ఊళ్ళో పెరిగి, తిరిగి పెదపాడు చేరి అక్కడి బడిలో అక్షరాలు దిద్దారు. అన్న చిన్నయ్య తాను కష్టపడి తమ్ముణ్ణి చదివించారు.

మనలో ఎంతమందికి ఇలాంటి అన్నలు ఉన్నారో ఒకసారి తలచుకోండి. ఇంట్లో ఒకరు చదువు మానుకుంటే ఇంకొకరు చదువుకోగలిగే ఇళ్ళు మన చుట్టూ నేటికీ ఉన్నాయి. చిన్నయ్య గారి పేరు పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. కాని ఆయన లేకుంటే సంజీవయ్య గారు లేరు.

పెదపాడులో చదువు ముగిశాక సంజీవయ్య గారు కర్నూలులో హైస్కూలు చదివారు. అక్కడినుంచి అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరి 1942లో బి.ఏ. పూర్తి చేశారు. అది రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఉద్యోగాలు దొరకడం కష్టం. కొన్నాళ్ళు చిన్న చిన్న తాత్కాలిక ఉద్యోగాలు చేశారు. అంతటితో తృప్తిపడి ఉంటే ఒక గుమాస్తాగా జీవితం గడిచిపోయేది. ఆయన మద్రాసు వెళ్ళి లా కాలేజీలో చేరి, 1948లో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

ఆ కాలంలో మన ప్రాంతం

సంజీవయ్య గారు లా చదువుతున్న రోజుల్లోనే ఢిల్లీలో రాజ్యాంగ సభ దేశానికి రాజ్యాంగం రాస్తూ ఉంది. ఆ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైంది. 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. అది 1950 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. అందుకే ఆ రోజు మనం జెండా ఎగరేస్తాం.

అప్పుడు మన జహీరాబాద్ ఎక్కడుందో తెలుసా? నిజాం పాలించిన హైదరాబాదు సంస్థానంలో, బీదరు జిల్లాలో ఉండేది. కర్నూలు మాత్రం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. అప్పటికి రాజ్యాంగం ముసాయిదా తయారైపోయింది. సంస్థానానికి కేటాయించిన స్థానాలు ఖాళీగానే ఉండిపోయాయి. 1949 నవంబరు 23న నిజాం ఒక ఫర్మానా ద్వారా ఆ రాజ్యాంగాన్ని అంగీకరించారు. అంటే రాజ్యాంగం రాసిన సభలో మన తాతల తరఫున మాట్లాడటానికి సంస్థానం నుంచి ఎవరూ కూర్చోలేదు. ఎవరో రాశారు, మనకు అమలైంది. ఈ సంగతి చదివినప్పుడు మాకు కొంచెం బాధ కలిగింది. అయితే సంజీవయ్య గారి కథలో ముందుకు పోతే ఆ బాధ తగ్గుతుంది.

ఇరవై తొమ్మిదేళ్ళకు పార్లమెంటులో

రాజ్యాంగం అమలులోకి వచ్చింది కాని ఎన్నికలు వెంటనే జరగలేదు. దేశమంతా ఓటర్ల జాబితాలు తయారు చేయాలి, నియోజకవర్గాలు ఏర్పాటు చేయాలి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ, చదువు వచ్చినా రాకున్నా, భూమి ఉన్నా లేకున్నా, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఓటు ఇవ్వాలి. అదంతా జరిగేదాకా దేశానికి ఒక శాసనసభ కావాలి కదా. అందుకని రాజ్యాంగ సభే తాత్కాలిక పార్లమెంటుగా 1952 వరకు పనిచేసింది. అప్పటికి లోక్‌సభ, రాజ్యసభ అని రెండు సభలు లేవు. ఒకటే సభ. ఓటరు జాబితాల గురించి, ఎన్నికల తీరు గురించి 1950లో, 1951లో వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టాలను చేసింది ఆ సభే.

ఆ తాత్కాలిక పార్లమెంటులో 1950లో సంజీవయ్య గారు సభ్యులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 29 ఏళ్ళు. తండ్రి లేని, భూమి లేని, కులం పేరుతో ఊరి చివర ఉంచిన ఇంటి బిడ్డ దేశానికి చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. ప్రధానమంత్రిగా నెహ్రూ గారు, న్యాయశాఖ మంత్రిగా అంబేద్కర్ గారు ఉన్న సభ అది.

ఇక్కడే మేము వెతుకుతున్న జవాబు దొరికింది. జాగ్రత్తగా చదవండి.

ఒక కేసు – ఒక సవరణ

మద్రాసు రాష్ట్రంలో అప్పట్లో వైద్య, ఇంజినీరింగు కాలేజీల సీట్లను ఒక ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో ఏ వర్గానికి ఎన్ని అని లెక్క ఉండేది. అందులో హరిజనులకు 2 సీట్లు. రాజ్యాంగం వచ్చాక ఆ ఉత్తర్వు చెల్లదని కొందరు కోర్టుకు వెళ్ళారు. దాన్నే చంపకం దొరైరాజన్ కేసు అంటారు. మద్రాసు హైకోర్టు 1950లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు కూడా అదే తీర్పు ఇచ్చింది. కులాన్ని బట్టి సీటు ఇవ్వడం, నిరాకరించడం పౌరుని ప్రాథమిక హక్కుకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశం.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. 46వ అధికరణం అప్పటికే రాజ్యాంగంలో ఉంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, ఇతర బలహీన వర్గాల వారి విద్యను, ఆర్థిక ప్రయోజనాలను ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని, వారిని సాంఘిక అన్యాయం నుంచి, దోపిడీ నుంచి కాపాడాలని అది చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రాల్లో ఉంది. ప్రాథమిక హక్కుకూ ఆదేశిక సూత్రానికీ పేచీ వస్తే ప్రాథమిక హక్కే నెగ్గుతుందని కోర్టు చెప్పింది. దాంతో మనలాంటి పిల్లల చదువు కోసం ప్రభుత్వం చేసే ఏర్పాట్ల మీద అనుమానపు నీడ పడింది.

అప్పుడు పార్లమెంటు రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించింది. ఈ సవరణకు 1951 జూన్ 18న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని ద్వారా 15వ అధికరణంలో నాలుగో క్లాజు కొత్తగా చేరింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం, షెడ్యూల్డ్ కులాలు, తెగల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని, సమానత్వపు హక్కు దానికి అడ్డురాదని ఆ క్లాజు భావం.

ఆ సవరణను అందరూ ఒప్పుకోలేదు. అదే సవరణలో వాక్ స్వాతంత్ర్యానికి కొత్త పరిమితులు, జమీందారీ రద్దు చట్టాలకు రక్షణ కూడా ఉన్నాయి. ప్రజలు ఓటేసి ఎన్నుకోని తాత్కాలిక సభ ఇంత పెద్ద మార్పు చేయవచ్చా అని శ్యామాప్రసాద్ ముఖర్జీ వంటి సభ్యులు గట్టిగా ప్రశ్నించారు. చర్చ వేడిగా జరిగింది. చట్టసభ అంటే అదే. ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు, చివరికి ఓటు తేలుస్తుంది. ఓడినవారి మాట కూడా రికార్డులో నిలిచిపోతుంది.

ఆ సవరణ జరిగిన సభలో మద్రాసు లా కాలేజీలో చదివి వచ్చిన ముప్పై ఏళ్ళ సంజీవయ్య గారు సభ్యులు. ఏ రాష్ట్రం ఉత్తర్వు గురించి ఆ గొడవంతా మొదలైందో ఆ రాష్ట్రంలోనే చదువుకున్న దళిత యువకుడు ఆయన. కాలేజీలో సీటు దొరకడం అంటే ఏమిటో, దొరకకపోవడం అంటే ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

మిత్రులారా, మన హాస్టల్ అన్నానికి, మన పుస్తకాలకు, మన స్కాలర్‌షిప్పులకు వెనక ఉన్న బలం ఇది. 46వ అధికరణం ప్రభుత్వానికి బాధ్యత అప్పగించింది. 15వ అధికరణం నాలుగో క్లాజు ఆ బాధ్యత నెరవేర్చే దారికి అడ్డు తొలగించింది. ఇచ్చేవాడి దయ మీద ఆధారపడేది దానం. దాత మనసు మారితే అది ఆగిపోతుంది. రాజ్యాంగంలో రాసి పెట్టింది బాధ్యత. ఆ పెద్దమనిషికి మేము చెప్పాలనుకున్న జవాబు ఇదే.

మంత్రిగా, ముఖ్యమంత్రిగా

1952లో మొదటి సాధారణ ఎన్నికలు పూర్తయ్యాయి. సంజీవయ్య గారు మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ రాష్ట్రంలోనూ ఆయన మంత్రిగా పనిచేశారు. 1954లో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న కృష్ణవేణి గారిని వివాహం చేసుకున్నారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. బీదరు జిల్లాలో ఎక్కువ భాగం మైసూరు రాష్ట్రానికి పోయింది. మన జహీరాబాద్ ప్రాంతాన్ని, నారాయణఖేడ్‌ను మాత్రం మెదక్ జిల్లాలో కలిపారు. అలా పెదపాడు, జహీరాబాద్ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడేదాకా అలాగే ఉన్నాయి. మన ఊరు 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది.

ముఖ్యమంత్రిగా ఉన్న నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధ్యక్షులుగా వెళ్ళడంతో 1960 జనవరి 11న దామోదరం సంజీవయ్య గారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు ఇంకా ముప్పై తొమ్మిదేళ్ళు నిండలేదు. దేశంలోనే ఏ రాష్ట్రానికైనా ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయనే. మన జహీరాబాద్ తాతలకు కూడా ఆయనే ముఖ్యమంత్రి.

ఆయన 1962 మార్చి 12 వరకు, అంటే రెండేళ్ళ రెండు నెలలే పదవిలో ఉన్నారు. ఆ కొద్ది కాలంలో జరిగిన పనులు కొన్ని చెప్పుకోవాలి. వృద్ధులకు పింఛను ఇచ్చే పథకం ఆయన హయాంలో మొదలైంది. తన తల్లికి డబ్బు ఇస్తే, మరి దిక్కులేని మిగతా ముసలి తల్లుల సంగతేమిటని ఆమె అడిగిందని, అందుకే ఆయన పింఛను పెట్టారని ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, పింఛను మాత్రం నిజం. మన ఇళ్ళలో నెలకోసారి అవ్వ పింఛను కోసం ఎదురుచూసేటప్పుడు ఆ మొదలు ఎక్కడుందో గుర్తుచేసుకోవాలి.

లంచగొండితనాన్ని పట్టుకోవడానికి అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడింది. అదే సంవత్సరం రాష్ట్రంలో వ్యవసాయ భూములకు గరిష్ఠ పరిమితి విధించే చట్టం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఆ భూపరిమితి చట్టంతో పేదలకు దక్కిన భూమి తక్కువ. పరిమితి చాలా ఎక్కువగా ఉంచారు. అందుకే 1973లో దానికంటే గట్టి చట్టం చేయవలసి వచ్చింది. చట్టం చేయడం ఒక మెట్టు. అది పనిచేసేలా చేయడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు లేకుండా రెండోది లేదు.

ఇన్ని పదవులు చేసినా ఆయన ఆస్తులు కూడబెట్టుకోలేదు. నిజాయితీపరుడన్న పేరు చివరిదాకా నిలబెట్టుకున్నారు.

మళ్ళీ ఢిల్లీకి – బోనస్ చట్టం

1962లో సంజీవయ్య గారు అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవికి వచ్చిన తొలి దళితుడూ ఆయనే. తర్వాత రాజ్యసభ సభ్యులయ్యారు. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధాని అయినప్పుడు ఆయన మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ మంత్రి అయ్యారు.

ఇక్కడ పరీక్షకు కూడా పనికొచ్చే రెండు మాటలు చెప్పుకుందాం. మన పార్లమెంటు అంటే రాష్ట్రపతి, లోక్‌సభ, రాజ్యసభ మూడూ కలిసి. లోక్‌సభ సభ్యులను మనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటాం. రాజ్యసభ సభ్యులను రాష్ట్రాల ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, పన్నెండు మందిని రాష్ట్రపతి నియమిస్తారు. కేంద్రమంత్రి ఈ రెండు సభల్లో ఏదో ఒకదానిలో సభ్యుడై ఉండాలి. సభ్యుడు కానివాడు మంత్రి అయితే ఆరు నెలల్లోగా సభ్యుడు కావాలి, లేకపోతే పదవి పోతుంది.

కార్మిక మంత్రిగా సంజీవయ్య గారి కాలంలో వచ్చిన ముఖ్యమైన చట్టం 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం. అంతకుముందు బోనస్ అంటే యజమాని దసరాకో దీపావళికో తన ఇష్టం కొద్దీ ఇచ్చే ఇనాం అని అనుకునేవారు. కార్మికులు అడిగితే గొడవలు, సమ్మెలు, కేసులు జరిగేవి. ఈ సంగతి తేల్చడానికి 1961లో ఒక బోనస్ కమిషన్ వేశారు. దాని నివేదిక 1964లో వచ్చింది. 1965 మే 29న ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు అత్యవసరమైతే రాష్ట్రపతి ఆర్డినెన్సు జారీ చేయవచ్చని 123వ అధికరణం చెబుతుంది. అయితే పార్లమెంటు మళ్ళీ కూడిన ఆరు వారాల్లోగా దాన్ని ఆమోదించకపోతే అది చెల్లకుండా పోతుంది. అందుకని బిల్లు పెట్టారు, రెండు సభలూ చర్చించి ఆమోదించాయి, 1965 సెప్టెంబరు 25న రాష్ట్రపతి ఆమోదంతో అది చట్టమైంది.

ఆ చట్టం ప్రకారం ఫ్యాక్టరీల్లోనూ, ఇరవై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఇతర సంస్థల్లోనూ సంవత్సరపు జీతంలో కనీసం 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది బోనస్‌గా ఇవ్వాలి. ఆ శాతం తర్వాతి కాలంలో 8.33కు పెరిగింది. 1966లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లను కొట్టేసింది, మిగతా చట్టం నిలబడింది. పార్లమెంటు చట్టం చేస్తుంది, ప్రభుత్వం అమలు చేస్తుంది, అది రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో కోర్టు చూస్తుంది అని మనం పుస్తకంలో చదువుకునే పాఠం ఇదే. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్‌లో ఈ బోనస్ చట్టాన్ని మరో మూడు చట్టాలతో కలిపారు.

మన జహీరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు మన హాస్టల్లో ఉన్నారు. పండుగ ముందు వాళ్ళ నాయిన బోనస్ తెచ్చాడని కొత్త బట్టలు చూపిస్తారు. అది కూడా దానం కాదు. యజమాని ఇష్టంగా ఉన్నదాన్ని కార్మికుని హక్కుగా మార్చిన చట్టం అది. ఆ శాఖకు మంత్రిగా కూర్చున్నది ఒక కూలివాని కొడుకు. అయితే మనలో చాలామంది అమ్మానాయినలు చెరకు కొట్టడానికి, అల్లం తవ్వడానికి పోతారు. పొలాల్లో రోజు కూలికి చేసే అలాంటి పనికి మామూలుగా ఆ బోనస్ అందదు. సంజీవయ్య గారి తరం కొంత పని చేసి వెళ్ళింది. మిగిలిన పని మన తరానిది.

చివరి రోజులు

ఇందిరాగాంధీ గారి మంత్రివర్గంలో 1966లో పరిశ్రమల శాఖ మంత్రిగా పనిచేశారు. కార్మిక సమస్యలు, పారిశ్రామికాభివృద్ధి గురించి ఇంగ్లీషులో రాసిన ఆయన పుస్తకం 1970లో వెలువడింది. 1971లో మరోసారి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. వయస్సు 51 ఏళ్ళు మాత్రమే.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఆయన పేరు మీదనే ఉంది. 2016 జూన్ 2న అక్కడ 291 అడుగుల ఎత్తున జాతీయ జెండా ఎగరేశారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే పెట్టారు. లా చదువుకొని పార్లమెంటుకు పోయిన ఆయనకు అంతకంటే తగిన గౌరవం ఏముంటుంది? పార్కుకు పోయి ఫోటోలు దిగినవాళ్ళం మాలోనూ ఉన్నాం. ఆ సంజీవయ్య ఎవరో మాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు.

మనం తెలుసుకోవలసింది

మన జహీరాబాద్ పేరుతో లోక్‌సభ నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి ఉంది. జహీరాబాద్, నారాయణఖేడ్, ఆందోల్, జుక్కల్, బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి అనే ఏడు అసెంబ్లీ స్థానాలు దాని కిందికి వస్తాయి. వాటిలో మన జహీరాబాద్ అసెంబ్లీ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయింది. అంటే మనలాంటి ఇంటినుంచి వచ్చిన వ్యక్తే అక్కడ పోటీ చేస్తాడు. మొత్తం 543 లోక్‌సభ స్థానాల్లో 84 షెడ్యూల్డ్ కులాలకు, 47 షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయ్యాయి. 330వ అధికరణం లోక్‌సభకు, 332వ అధికరణం అసెంబ్లీలకు ఈ ఏర్పాటు చేశాయి.

ఓటు హక్కు మొదట్లో 21 ఏళ్ళకు ఉండేది. 1988లో చేసిన 61వ సవరణతో 18 ఏళ్ళకు తగ్గింది. అంటే పదో తరగతిలో ఉన్న మాకు ఇంకో రెండు మూడేళ్ళే. లోక్‌సభకు, అసెంబ్లీకి పోటీ చేయాలంటే 25 ఏళ్ళు నిండాలి. రాజ్యసభకు 30 ఏళ్ళు. సంజీవయ్య గారు మొదటిసారి పార్లమెంటులో అడుగుపెట్టింది 29 ఏళ్ళకని మరచిపోకండి. మనలో ఎనిమిదో తరగతి చదివే తమ్ముడికి ఆ వయస్సు రావడానికి పదిహేను పదహారేళ్ళు చాలు.

చివరగా ఒక మాట. ఈ ఏడాది దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగిరాని మిత్రులు ఇద్దరున్నారు. చెరకు కొట్టే పనికి ఇంటివాళ్ళతో పోయారు. వాళ్ళ మంచాలు ఖాళీగా ఉన్నాయి, ఒకరి ట్రంకు పెట్టె ఇంకా ఇక్కడే ఉంది. ఇంటి కష్టం చూసి పోయారు, వాళ్ళను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కాని హాస్టల్లో ఉండి తినడం చిన్నతనమని, దానమని ఎవరో అన్న మాట కూడా వాళ్ళ మనసులో ఉందేమోనని మా అనుమానం. అందుకే ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకొని, వార్డెన్ సారు అనుమతితో, వాళ్ళ ఊళ్ళకు పోదామని మేము నిర్ణయించుకున్నాం. పెదపాడు బిడ్డ కథ వాళ్ళ అమ్మానాయినలకు చదివి వినిపిస్తాం. పరీక్ష ఫీజు గడువు ఇంకా ఉంది.

తమ్ముళ్ళారా, ఇకముందు ఎవరైనా మిమ్మల్ని దానం తినే పిల్లలంటే తల దించుకోకండి, కోపగించుకోకండి. 15వ అధికరణం, 46వ అధికరణం గురించి మర్యాదగా చెప్పండి. ఆ పైన కడుపునిండా తిని, బాగా చదువుకోండి. రెండోసారి అన్నం వద్దన్న మా మిత్రుడు ఇప్పుడు అడిగి మరీ పెట్టించుకుంటున్నాడు.

దామోదరం సంజీవయ్య గారికి మన హాస్టల్ విద్యార్థులందరి తరఫున జోహార్లు.

– పదవ తరగతి విద్యార్థులు, జహీరాబాద్